ఫుల్లా, క్రాపా?

ఆ పొద్దున ఫోటోగ్రాఫర్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. స్టూడియో ఊడ్చి, కిటికీ అద్దం తుడవాలి. నల్లగుడ్డ ఇస్త్రీ చేసి గోడకు కట్టాలి. ఎండ ఏటవాలుగా కిటికీలోంచి దిగే వేళకు వయొలిన్ మాస్టారు వస్తారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక మంచి ఫోటో తీసి, కాఫీ ఇచ్చి పంపించాలి. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టాలంటే చాలా పెద్ద తెలివితేటలు కావాలి. ఆ ఇంట్లో వాటికి కొదవ లేదు.

స్టూడియో అంటే ఇంటి ముందు భాగమే. వీధివైపు ముందుగదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. దాని వెనక కిటికీ ఉన్న పెద్దగదిలో కెమెరా, లైట్లు. ఆ పక్కనే వంటిల్లు. మనుషుల మొహాలు తీయడం తప్ప అతనికి మరో విద్య రాదు. ఈ మధ్య ఎవరి మొహం వాళ్ళే ఫోన్లో తీసేసుకుంటున్నారు. ఇతని దగ్గరకు వచ్చేవి పాస్‌పోర్టు మొహాలు. అవి నవ్వకూడని మొహాలు కాబట్టి, తీసేవాడికి కూడా నవ్వు వచ్చేది కాదు.

అందుకే మామగారు తెల్లవారకుండానే దిగారు. ఆయనకు ఊరి నడిబొడ్డున పైపుల కొట్టుంది. గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. అల్లుణ్ణి అడిగి అడిగి విసిగిపోయి, ఇవాళ తాడోపేడో తేల్చుకునే వెళ్తానని, నెత్తిన ఉన్ని టోపీతోనే ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఈ ఒక్క ఫోటో అయ్యాక చెప్తాను మామయ్యా," అన్నాడు ఫోటోగ్రాఫర్. "సంగీత పాఠశాలవాళ్ళ కొత్త హాల్లో గోడకి పెడతారట. నలుగురూ చూస్తారు. పేరొస్తుంది, పనొస్తుంది. ఇది గోడకెక్కితే స్టూడియో ఉంచుకుంటా. ఎక్కకపోతే రేపట్నుంచి మీ కొట్టుకొచ్చేస్తా."

"మాట తప్పకూడదు అల్లుడూ."

"తప్పను."

"నేను విన్నాను నాన్నా," అని వంటింట్లోంచి అతని భార్య అంది. ఆమె వింటే ఆ మాట రిజిస్టరు అయినట్టే.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. సంగీత పాఠశాల మేనేజరమ్మ.

"ఫోటోగ్రాఫర్ గారూ, అన్నట్టు ఒక్కమాట. ఫుల్ ఫ్రేమే కదండీ?"

ఫోటోగ్రాఫర్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. "ఏంటండీ?"

"అదే, ఫుల్ ఫ్రేమ్. మాకు అరకొర పనులు వద్దండీ. అంత పెద్ద గోడ మరి! ఫుల్ ఫ్రేమ్ లేదంటే ఇప్పుడే చెప్పేయండి, ఇంకొకర్ని చూసుకుంటాం."

కెమెరాల్లో రెండు రకాలున్నాయి. లోపల బొమ్మ పడే పలక పెద్దదైతే ఫుల్ ఫ్రేమ్, చిన్నదైతే క్రాప్. వృత్తిలో ఉన్నవాళ్ళు ముద్దుగా ఫుల్లు, క్రాపు అంటారు. మొహాలు తీసేవాడికి ఫుల్లు తప్పనిసరా కాదా అన్నదాని మీద ఎన్ని తగాదాలున్నాయో లెక్కలేదు. ఫోటోగ్రాఫర్‌ది క్రాపు. అక్కర్లేదన్నది అతని సిద్ధాంతం. సిద్ధాంతం ఒక్కోసారి మనిషికి సరిగ్గా అవసరమైనప్పుడే కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది.

"ఫుల్ ఫ్రేమేనండి," అన్నాడు.

"హమ్మయ్య! వయొలిన్ తీసుకుని నేనూ వస్తున్నా. మాస్టారు కాస్త ముందే వస్తారు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది భార్య. ఆమె వెనక ఆమె తమ్ముడు. ఫోటోగ్రాఫర్‌కి బామ్మర్ది. ఈ బామ్మర్ది ఇప్పటివరకూ ఒక్క ఫోటో తీయలేదు గానీ, ఫోటోలు ఎలా తీయాలో చెప్పే వీడియోల్లో అతను చూడనివి లేవు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానా బావా?" అన్నాడు బామ్మర్ది, ఇన్నాళ్ళకు వర్షం చూసిన రైతులా వెలిగిపోతూ. "పోర్ట్రెయిట్ అంటే ఫుల్లే. వెనకాలంతా వెన్నలా కరిగిపోవాలి!"

"వెనకాల కరగడానికి మనం తీసేది గోడనా? మనిషినా?"

"నువ్విలాగే ఉండు. నా ఫ్రెండు దగ్గర ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉంది. పట్టుకొచ్చేస్తా. ఎవ్వరికీ తెలీదు."

కెమెరాకు లెన్సు తీసేస్తే మిగిలేదాన్ని బాడీ అంటారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లో ముగ్గురు. తెలియనివాళ్ళు ఆ రోజు ఎంతమంది వస్తారో అప్పటికి ఎవరికీ తెలియదు. బామ్మర్ది ఒక గుడ్డసంచి భుజాన వేసుకుని, బండి మీద తుర్రుమన్నాడు.

అతను అటు వెళ్ళగానే పెద్దగదిలో మొగుడూ పెళ్ళాల పంచాయితీ మొదలైంది. తలుపు దగ్గరగా వేశారు గానీ, ఆ తలుపుకు గొంతులు ఆపే అలవాటు లేదు.

ఇటు వీధిలో ఆటో ఆగింది. వయొలిన్ మాస్టారు దిగారు.

ఆయన్ని చూడనివాళ్ళు కూడా ఆయన జులపాల్ని చూసి ఉంటారు. భుజాల మీదికి దిగి, అంచుల్లో మెలి తిరిగిన వెండి జులపాలు. కచేరీలో వేగం అందుకున్నప్పుడు అవి అటూ ఇటూ ఊగుతుంటే, వెనక వరసలో కూర్చున్నవాళ్ళు కూడా ఇది కష్టమైన చోటన్నమాట అని తెలుసుకునేవారు. గోడ మీది కచేరీ ప్రకటనల్లో మొహం చిన్నదిగా ఉండేది, జులపాలు కాగితమంతా ఉండేవి. జనం నోట ఆయన పేరే జులపాల మాస్టారు.

ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని, మామగారికి నమస్కారం పెట్టారు. లోపలినుంచి ఫోటోగ్రాఫర్ గొంతు ఖంగుమంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? క్రాపే బాగుంటుంది! క్రాపైతే మొహం దగ్గరగా, స్పష్టంగా వస్తుంది. చుట్టూ ఉన్న చెత్తంతా పోతుంది!"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. చెయ్యి తనంతట తానే జులపాల మీదికి వెళ్ళింది.

"మరి లోకమంతా ఫుల్లు ఫుల్లు అంటోంది కదండీ!" అని భార్య గొంతు.

"లోకానికేం, చెప్తుంది! అదంతా గొప్పకి. చూసినవాళ్ళు అబ్బో అనుకోడానికి. బరువు తప్ప ఏముంది దాంట్లో? మోసి మోసి మెడ పడిపోతుంది!"

మాస్టారి మెడ నిజంగానే ఎన్నో ఏళ్ళుగా నొప్పి. ఆయన మామగారి వైపు వంగి, మెల్లగా అడిగారు. "లోపల ఏదో గొడవగా ఉన్నట్టుందండీ?"

"పొద్దున్నుంచీ ఇదే గోల," అన్నారు మామగారు నిట్టూర్చి. "ఇవాళ తీసే ఫోటో గురించి. మావాడేమో ఫుల్ ఉంటేనే ఫోటో అంటాడు. అల్లుడేమో క్రాపే చాలంటాడు. నాకేం తెలుసు, పైపులమ్ముకునేవాణ్ణి."

"మీకేమనిపిస్తోంది?"

మామగారు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "వాడి ఎదురుగా అననుగానీ, మా అల్లుడు లోకజ్ఞానంలో సున్నా. తన పని విషయంలో మాత్రం ఇంతవరకూ ఒక్క తప్పు మాట చెప్పలేదండీ."

మాస్టారికి తన ఇంట్లో మాటలు గుర్తొచ్చాయి. భార్య ఎప్పుడూ అంటుంది, మెడ మీద గొర్రెపిల్లను పడుకోబెట్టుకుని తిరుగుతున్నారని. ఆవిడ మాట తీసిపారేశారు. మిగతావాళ్ళంతా ఎదురుపడితే జులపాల్ని పొగిడినవాళ్ళే. తన చాటున, తన మేలుకోరి, పెళ్ళాంతో పోట్లాడి మరీ నిజం చెప్పినవాడు ఇప్పటివరకూ తగల్లేదు.

"అర్థమైందండీ," అని లేచారు. "నిజం ఎక్కడ వినబడినా వినాల్సిందే." గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

స్టూడియో పక్కనే సెలూన్ ఉంది. ఆ సంగతి మామగారి బుర్రకు తట్టలేదు. అంత పెద్దాయన నొచ్చుకుని వెళ్ళిపోయాడనే ఆయన అనుకున్నారు. అల్లుడితో చెబుదామని లేవబోతుండగా కొట్టునుంచి ఫోన్ వచ్చింది. ఏదో పైపు పగిలి గొడవట. ఆయన వీధి చివరికంటా నడుస్తూ అరుస్తూ ఉండిపోయారు.

ఫోటోగ్రాఫర్ ముందుగదిలోకి వచ్చేసరికి ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పొట్టిగా, నున్నగా కత్తిరించిన తెల్లజుట్టు. నిటారుగా నిలబడిన రెండు పెద్ద చెవులు. లాల్చీ భుజాల మీద ఇంకా వెంట్రుకల పొడి.

"ఫోటోకి వచ్చానండీ," అన్నాడాయన బిడియంగా.

పాస్‌పోర్టు బేరం, అనుకున్నాడు ఫోటోగ్రాఫర్. ఇంకోరోజైతే కళ్ళకద్దుకునేవాడు. ఇవాళ మాస్టారు వచ్చే వేళ. అయితే అతనికి ఒక ఆలోచన తట్టింది. ఈ పెద్దాయన్ని అదే కుర్చీలో కూర్చోబెడితే, మాస్టారు వచ్చేలోగా కిటికీ వెలుతురు ఎలా పడుతుందో చూసుకోవచ్చు. ఎటొచ్చీ మొహం మొహమే కదా.

"రండి రండి. ఇలా కిటికీ పక్కన కూర్చోండి," అంటూ బ్రష్షుతో లాల్చీ దులిపాడు. "ఇప్పుడే క్రాపు చేయించుకున్నట్టున్నారే?"

"అవునండీ. మీరు..." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మీరేమంటారు, బాగుందా?"

"బ్రహ్మాండం! ఫోటోకి వచ్చే ముందు అందరూ ఇలా చేయించుకుంటే మా ప్రాణాలు హాయిగా ఉంటాయి."

పెద్దాయన మొహం ఎవరో మెడ మీంచి మూట దించినట్టు తేలికపడింది. ఫోటోగ్రాఫర్ తన పాత క్రాపు కెమెరాను స్టాండుకు బిగించి, కుర్చీని కాస్త పక్కకు తిప్పి, రెండు ఫోటోలు నొక్కాడు. వెలుతురు మొహానికి ఒక పక్క తడిమి వదిలేస్తోంది. ఇది చాలు. మాస్టారు వస్తే అదరగొట్టేయొచ్చు.

ఇంతలో గుమ్మంలోంచి భార్య చెయ్యి ఊపింది. ఆ ఊపులో శుభం లేదు. అతను వంటింట్లోకి వెళ్ళాడు.

"నాన్న ఇప్పుడే వీధి చివర్నుంచి ఫోన్ చేసి చెప్పాడు," అంది ఆమె గుసగుసగా. "మాస్టారు వచ్చి వెళ్ళిపోయారట!"

"ఎప్పుడు?"

"మనం పోట్లాడుకుంటున్నప్పుడు. అంతా విన్నారట. 'అర్థమైంది, నిజం ఎక్కడ వినబడినా వినాల్సిందే' అని లేచి వెళ్ళిపోయారట."

ఫోటోగ్రాఫర్ వంటింటి గోడకు ఆనుకున్నాడు. అంతా తేటతెల్లమైపోయింది. ఫుల్ ఫ్రేమ్ ఉందని అబద్ధం చెప్పి, లోపల క్రాపు చాలని అరుస్తుంటే, ఆ మహానుభావుడు చెవులారా విన్నాడు. మోసగాడి ముందు కూర్చోనని లేచి వెళ్ళిపోయాడు. ఇక మేనేజరమ్మ వస్తుంది. ఆ తర్వాత పైపులు.

"ఆ లోపలాయన్ని పంపించేసి రండి," అంది భార్య. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది అతన్ని.

తిరిగి వచ్చి కెమెరా వెనక నిలబడ్డాడు. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

"ఏమైంది నాయనా, అలా ఉన్నావ్?" అన్నాడు పెద్దాయన.

ఆ ఒక్క మాటతో ఫోటోగ్రాఫర్‌కి కట్ట తెగింది. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర దాచుకోవడానికి ఏముంటుంది? "ఏం చెప్పమంటారండీ. ఈ స్టూడియోలో నేను తీసే ఆఖరి ఫోటో మీదే. రేపట్నుంచి పైపులమ్ముకుంటా. అరంగుళం, ముప్పావు అంగుళం, అంగుళం. వాటికి మొహాలుండవు. నవ్వమని బతిమాలక్కర్లేదు."

పెద్దాయన తల కొంచెం పక్కకు వంచాడు. కనుబొమలు దగ్గరగా వచ్చాయి. కిటికీ వెలుతురు ఆ పెద్ద చెవి అంచు మీద నిలబడింది. ఎదుటివాడి మాటలో అపశ్రుతి ఎక్కడుందో వెతుకుతున్నట్టు, దొరికితే తిట్టకుండా సరిదిద్దుదామన్నట్టు వింటున్నాడు. ఫోటోగ్రాఫర్ వేలు తెలియకుండానే నొక్కింది.

"అడిగేవాళ్ళు లేకపోతే మానేసేవాణ్ణి, బాధ లేదు. అబద్ధమాడి పోగొట్టుకున్నానండీ. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉందా అన్నారు. ఉందన్నాను. నా దగ్గర ఉన్నది ఇదిగో, క్రాపు."

"క్రాపా?" అన్నాడు పెద్దాయన.

"క్రాపు కెమెరా అండీ. ఫుల్లంటే పెద్ద కెమెరా, క్రాపంటే చిన్న కెమెరా. పొద్దున్నుంచీ మా ఇంట్లో ఇదే గొడవ. క్రాపు చాలని నేనూ, ఫుల్లు కావాలని వాళ్ళూ."

పెద్దాయన చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్ళి, అక్కడ ఉండాల్సినదేదో లేక, ఖాళీగా తిరిగొచ్చింది.

"అయితే నాయనా, క్రాపంటే... కెమెరానా?"

"అవునండీ. మరేమనుకున్నారు?"

"ఏమీ లేదులే," అన్నాడాయన చాలా నీరసంగా. ఆ తర్వాత చుట్టుపక్కల మాటలేవీ ఆయన చెవికెక్కలేదు.

బయట మేనేజరమ్మ గొంతు వినిపించింది. చేతిలో వయొలిన్ పెట్టెతో ముందుగదిలోకి వచ్చి, కొట్టు గొడవ ముగించుకుని కూర్చున్న మామగారిని చూసి, "మాస్టారొచ్చారా అండీ?" అంది.

"వచ్చాడు, వెళ్ళిపోయాడు," అన్నారు మామగారు.

"ఎక్కడికి?"

"చెప్పలేదమ్మా. మనసు విరిగిపోయినట్టుంది. అదోలా చూసి వెళ్ళిపోయాడు."

మేనేజరమ్మ మాస్టారికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. కచేరీలో మోగుతుందని ఆయన ఫోన్ నోరు ఎప్పుడూ నొక్కే ఉంచుతారు. ఆమె ఆ సంగతి కూడా మర్చిపోయేంతగా కంగారుపడింది. ఫోటోగ్రాఫర్ పరుగున వచ్చి, ఏదో సర్దిచెప్పబోతూ నోరు తెరిచాడు. అప్పుడే బల్ల మీదున్న అతని ఫోన్ మోగింది. బామ్మర్ది. కంగారులో వేలు ఎక్కడ పడిందో, గొంతు గదంతా మోగింది.

"బావా! బాడీ దొరికింది!"

మేనేజరమ్మ వయొలిన్ పెట్టెను గుండెకు హత్తుకుంది.

"సంచిలో వేసుకుని వస్తున్నా. కాస్త పాతది, అక్కడక్కడా గీతలు పడ్డాయి. పట్టించుకోకు. నువ్వు మాత్రం ఎవ్వరికీ చెప్పకు!"

ఫోన్ ఆగిపోయింది. మేనేజరమ్మ కుర్చీలో కూలబడి, "మాస్టారూ!" అని ఒక్క కేక పెట్టింది.

"ఏంటమ్మాయ్?" అని పెద్దగదిలోంచి జవాబొచ్చింది.

బతికున్న మనిషి గొంతు విని అంతగా బెదిరిపోయినవాళ్ళు ఉండరు. ఆమె తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. కిటికీ పక్కన కుర్చీలో మాస్టారి గొంతు ఉంది. మాస్టారి లాల్చీ ఉంది. వాటి పైన ఎవరిదో తలకాయ ఉంది.

"మాస్టారూ... జులపాలేవి?"

అప్పుడు తెలిసింది ఫోటోగ్రాఫర్‌కి, తను ఇంతసేపూ ఎవరి దగ్గర ఏడ్చాడో. అతని భార్య గరిటె కింద పడేసింది. మామగారు గుమ్మంలోంచి తొంగిచూసి, ఆ చెవుల్ని, ఆ లాల్చీని మార్చి మార్చి చూసి, "అమ్మో, ఆయనే!" అని నాలుక కరుచుకున్నారు.

"ఎవరు చేశారండీ ఈ పని?" అంది మేనేజరమ్మ. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

"నేనే చేయించుకున్నానమ్మా," అన్నారు మాస్టారు. "ఫోటోకి క్రాపే బాగుంటుందని ఈయన లోపల అంటుంటే విన్నాను. చుట్టూ చెత్తంతా పోతుందన్నాడు. నా గురించేననుకున్నాను."

ఫోటోగ్రాఫర్ ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడిపోయాడు. "కెమెరా గురించండీ! కెమెరా!"

మామగారు పరిస్థితిని చేతుల్లోకి తీసుకున్నారు. పైపుల వ్యాపారంలో ఆయనకు తెలిసిన సూత్రం ఒక్కటే. తెగిందాన్ని అతికించవచ్చు. ఎవరికీ చెప్పకుండా పక్క సెలూన్‌కి వెళ్ళి, కాసేపటికి క్యారీబ్యాగుతో తిరిగొచ్చారు.

"వాడు అందరివీ కలిపి ఊడ్చేశాడు. తెల్లవన్నీ ఏరించి తెచ్చా."

మాస్టారు క్యారీబ్యాగులోకి తొంగిచూశారు. "ఇందులో సగం నావి కావండీ," అన్నారు మర్యాదగా.

సరిగ్గా అప్పుడు బామ్మర్ది గుడ్డసంచితో విజయగర్వంతో ప్రవేశించాడు. "బావా, ఇదిగో బాడీ!" మేనేజరమ్మ మళ్ళీ కేక పెట్టబోయి, సంచిలోంచి కెమెరా బయటపడటం చూసి ఆగిపోయింది. ఫోటోగ్రాఫర్ దాన్ని అందుకుని, తన లెన్సు దానికి బిగించబోయాడు. అది వేరే కంపెనీది. పట్టలేదు.

"లెన్సు గురించి ఏ వీడియోలోనూ చెప్పలేదా నీకు?" అంది అక్క.

"అది తర్వాతి వీడియోలో ఉంది," అన్నాడు బామ్మర్ది.

ఫోటోగ్రాఫర్ లేచి నిలబడ్డాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "అమ్మా, పొద్దున మీకు అబద్ధం చెప్పాను. నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ లేదు. ఎప్పుడూ లేదు. ఈ చిన్న కెమెరాతోనే ఇన్నాళ్ళూ తీశాను. మీరు అడిగేసరికి భయమేసి ఉందన్నాను. దానివల్లే ఇదంతా."

మేనేజరమ్మ అతన్ని వింతగా చూసింది. "కెమెరా ఏంటండీ? నేనెప్పుడు అడిగాను కెమెరా గురించి?"

"ఫుల్ ఫ్రేమేనా అన్నారు కదండీ?"

"ఫ్రేమండీ! ఫ్రేము! చుట్టూ చెక్క, ముందు అద్దం, వెనక కొక్కెం. పోయినసారి ఒకాయన ఫోటోని చాపలా చుట్టి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అద్దం ఒకచోట, చెక్క ఒకచోట, మేకు ఒకచోట అని ఊరంతా తిరిగాను. అందుకే పూర్తిగా ఫ్రేము కట్టే ఇస్తారా అని అడిగాను. మీరు ఏ డబ్బాతో తీస్తే నాకెందుకు?"

బామ్మర్ది తెచ్చిన బాడీని మళ్ళీ సంచిలో పెట్టాడు, శబ్దం కాకుండా.

"ఇప్పుడేం చేయాలో నాకు తెలీడం లేదు," అంది మేనేజరమ్మ వయొలిన్ పెట్టె మీద చెయ్యి వేసుకుని. "గోడ మీద జులపాల మాస్టారు ఉండాలి. అందరికీ తెలిసిన మనిషి ఆయన. అవి మళ్ళీ పెరిగేదాకా ఆగాలి. అప్పుడు కూడా..." అని ఆగి, ఫోటోగ్రాఫర్ వైపు చూడకుండా, "ఇంకోచోట చూసుకుంటాంలెండి," అంది.

ఫోటోగ్రాఫర్ తల ఊపాడు. బతిమాలడానికి కూడా మొహం చెల్లలేదు. స్టాండు మీద కెమెరాను విప్పబోతుంటే భార్య అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగండి. పెద్దాయన్ని తీశారు కదా ఇందాక? ఎలా వచ్చిందో చూడనివ్వండి వాళ్ళని. చూసి వద్దనమనండి."

"అవి వెలుతురు కోసం తీసినవే."

"మీరు వెలుతురు కోసం తీసినా నేను చూస్తాను," అంటూ ఆమే కెమెరా తీగను కంప్యూటరుకు తగిలించింది. మొదటి ఫోటోలో ఒక పాస్‌పోర్టు పెద్దమనిషి. రెండోదీ అంతే. మూడోది తెర మీదికి రాగానే ఆమె చెయ్యి కదల్లేదు.

నల్లగుడ్డ చీకట్లోంచి ఒక తల కొంచెం పక్కకు వంగి ఉంది. వెలుతురంతా చెవి అంచు మీద, దగ్గరపడిన కనుబొమల మీద. ఎవరో ఏదో చెబుతున్నారు, ఆ మనిషి వింటున్నాడు. ప్రపంచంలో మరో పని లేనట్టు వింటున్నాడు.

మేనేజరమ్మ తెర దగ్గరకు వచ్చింది. వయొలిన్ పెట్టె కింద పెట్టింది.

"పాఠం చెప్పేటప్పుడు ఇలాగే వినేవారు," అంది. "కచేరీలో జులపాలు చూసినవాళ్ళకి ఈ మొహం తెలీదు. దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళకే తెలుసు. మేం తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు. తల ఇలా కాస్త వంచేవారు. అంతే, సిగ్గుతో చచ్చిపోయి మళ్ళీ మొదట్నుంచీ వాయించేవాళ్ళం." కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇన్నేళ్ళూ మాస్టారికి చెవులున్నాయన్న సంగతే గమనించలేదండీ."

"నేనూ గమనించలేదమ్మాయ్," అన్నారు మాస్టారు. "పెద్దవే ఉన్నాయి."

"ఎవరి మాట వింటున్నారు మాస్టారూ, ఇందులో?"

మాస్టారు ఫోటోగ్రాఫర్ వైపు చూశారు. మాస్టారు నెమ్మదిగా అన్నారు, "ఒక కుర్రాడు తన పనిని గురించి మాట్లాడుతుంటే విన్నాను. శ్రుతిలోనే ఉన్నాడు. భయంతో కాస్త తడబడ్డాడంతే."

"ఇదే గోడకెక్కుతుంది," అంది మేనేజరమ్మ. "పాఠశాల గోడ కదా అది. అక్కడికొచ్చే పిల్లలకి వాయించే మాస్టారు కన్నా వినే మాస్టారే కావాలి." వెంటనే మేనేజరమ్మ మళ్ళీ మేనేజరమ్మ అయిపోయి వేలు చూపించింది. "కాకపోతే ఫుల్ ఫ్రేమ్!"

"చెక్క, అద్దం, కొక్కెం, మేకుతో సహా తెచ్చి నేనే కొడతానండీ గోడకి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

అంతలో మాస్టారి ఫోన్ వెలిగింది. ఆయన భార్య. పక్కవీధి వాళ్ళెవరో సెలూన్లో చూసి అప్పటికే కబురు మోసేశారు. ఆవిడ ఏమంటుందోనని మాస్టారు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నారు. ఆ జాగ్రత్త అవసరం లేకపోయింది.

"ఎవరండీ ఆ ఫోటోగ్రాఫరు? నేను పెళ్ళైనప్పట్నుంచీ మొత్తుకుంటే కానిది, ఒక్క పూటలో చేయించాడట! భార్యను వెంటబెట్టుకుని రాత్రికి భోజనానికి రమ్మనండి!"

అందరూ వెళ్ళిపోయాక స్టూడియోలో ఇంటివాళ్ళే మిగిలారు. బామ్మర్ది బాడీని తిరిగి ఇచ్చి రావడానికి బయలుదేరాడు, దారిలో ఎవరితోనూ దాని గురించి మాట్లాడొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. ఆమె గరిటె కడుక్కుంటూ వంటింట్లోంచి అంది, "నాన్నా, కొట్టుకి ఇంకెవరినైనా చూసుకో. మాటంటే మాటే."

"విన్నానులేవే," అన్నారు మామగారు. కానీ వెళ్ళలేదు. తెర మీద ఇంకా మాస్టారి మొహం ఉంది. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి చూస్తూ, చూస్తూ, గొంతు సవరించుకున్నారు.

"అల్లుడూ, నువ్వు మా అమ్మాయిని చేసుకుని ఇన్నేళ్ళైంది. నా ఫోటో ఒక్కటీ తీయలేదు."

"మీరెప్పుడూ అడగలేదు మామయ్యా."

"ఇప్పుడడుగుతున్నా." ఆయన వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. చొక్కా సర్దుకున్నారు. ఇంట్లోనూ బయటా ఎప్పుడూ నెత్తిన ఉండే ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మాస్టారిలాగే తల కొంచెం పక్కకు వంచి, గంభీరంగా అడిగారు. "నిజం చెప్పు. నాకు ఫుల్లు బాగుంటుందా, క్రాపా?"

ఫోటోగ్రాఫర్ అటు చూశాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ నున్నటి నడినెత్తి మీద పడి, గది నాలుగు గోడలకూ సమానంగా పంచబడుతోంది.

అతను వెళ్ళి, ఇక దాని అవసరం లేదన్నట్టు ఫ్లాష్ ఆర్పేశాడు.